చివరి నిమిషంలో ఆగిన ట్యూషన్: డబ్బు కట్టాలా, బదులు క్లాసు పెట్టించుకోవాలా?

ఫీజు నెల లెక్కన మాట్లాడుకున్నా, ఒక్క క్లాసు విలువ ఎంతో ముందే తేల్చుకోవాలి. నెలకు 4,000 రూపాయలు, 16 క్లాసులు అయితే క్లాసుకు 250.

డబ్బు కట్టే పద్ధతిలో లెక్క అక్కడికక్కడే తెగిపోతుంది. క్లాసుకు నాలుగు గంటల ముందే వద్దని చెబితే ఏమీ లేదు. ఆ తర్వాత చెబితే సగం, అంటే 125. సారు గుమ్మం దాకా వచ్చాక చెబితే మొత్తం. నెల్లూరులో వేదాయపాళెం నుంచి మాగుంట లేఅవుట్‌కు బండి మీద వచ్చే మనిషికి పెట్రోలూ పోతుంది, గంటా పోతుంది. ఆ గంటను అప్పటికప్పుడు వేరే పిల్లలకు ఇవ్వలేరు. చిక్కల్లా జ్వరాలతోనే. పిల్లాడు మూలుగుతుంటే డబ్బులడగడానికి ఎవరికీ మనసొప్పదు, కాబట్టి నెలకొక జబ్బు క్లాసు మినహాయించాలి.

బదులు క్లాసు పైకి మర్యాదగానే ఉంటుంది, తేదీ ఖాయం చేయకపోతే మాత్రం బాకీలు పేరుకుంటాయి. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాక సారుకు ఖాళీ సాయంత్రమే దొరకదు. అందుకే ఆగిన రోజే వాట్సాప్‌లో కొత్త తేదీ రాసుకోవాలి. పది రోజుల్లో అయిపోవాలి, నెలకు రెండు మించకూడదు. నాలుగు క్లాసులకు పావుగంట చొప్పున కలిపినా గంట తీరిపోతుంది, ఆదివారాలు వెతుక్కోనక్కర్లేదు.

ఇంటికొచ్చే సారుకో మేడమ్‌కో డబ్బు కట్టడమే న్యాయం. ఆన్‌లైన్‌కైతే బదులు క్లాసు చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానలకు కలెక్టరు సెలవిచ్చిన రోజు ఎవరి తప్పూ కాదు; ఆ రోజుకు ఫీజు కోయకుండా బదులు క్లాసేనని మొదటి నెలలోనే మాట అనుకోవాలి.