శ్రీకూర్మం వెళ్తే మూడు తరాల పేర్లు జేబులో ఉండాలి

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి ఊరొచ్చేసిందని సామాను సర్దుకోవద్దు. అది ఆమదాలవలస. శ్రీకాకుళం పట్నం ఇంకా 13 కిలోమీటర్ల దూరం. కూర్మనాథస్వామి గుడి ఉన్న శ్రీకూర్మం పట్నం నుంచి సముద్రం వైపు ఇంచుమించు అంతే. బస పట్నంలోనే మేలు, కానీ బస్సుల కాంప్లెక్సు వైపు కిటికీ ఉన్న గది తీసుకుంటే తెల్లవార్లూ హారన్లే.

అసలు బాధ గుడి కోనేరు, శ్వేత పుష్కరిణి గట్టు మీద. పితృకార్యానికి వచ్చేవాళ్లను మధ్యవర్తులు పట్టుకుంటారు. "ఐదొందలండి" అన్న మాటలో నువ్వులు, దర్భలు, అరటాకులు, పిండాల సామాను ఏవీ ఉండవు. తర్పణం వదులుతూ చెయ్యి తడిగా ఉన్నప్పుడు గోదానం అంటూ ఒకటి, స్వయంపాకం అంటూ ఇంకొకటి. పీట మీద కూర్చుని, చనిపోయిన నాన్న పేరు చెబుతూ బేరమాడే మొహం ఎవరికుంటుంది? కాబట్టి కూర్చోకముందే "సామాను, దక్షిణ, దానాలు అన్నీ కలిపి ఎంత?" అని పక్కవాళ్లు వినేలా అడగాలి. వందనోట్లు ఉంచుకోవాలి. పెద్ద నోటిస్తే చిల్లర కాస్తా దానంలో కలిసిపోతుంది.

గోత్రం, తండ్రి–తాత–ముత్తాత, ఆ వరసలోనే ఆడవాళ్ల పేర్లు, తల్లి వైపు కూడా అలాగే, కాగితం మీద రాసి తీసుకెళ్లాలి. అందరూ తడబడేది నాయనమ్మల దగ్గరే. "చిన్నమ్మి" అని పిలిచినావిడ అసలు పేరెవరికీ తెలీదు. ఊళ్లోవాళ్లకు ఫోన్లు, ఎండలో పెద్దనాన్న చిరాకు, వెనక వరస వాళ్ల గొణుగుడు.

కార్యమయ్యాక స్నానం చేసి పొడిబట్టలతో గుడిలోకి వెళ్లాలి. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపంలో ఒక స్తంభం చెక్కడం ఇంకోదానికి పోలదు. ప్రదక్షిణ మండపం గోడల మీది పాత రంగుల బొమ్మలకు జనం వీపులానించి కూర్చుంటారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పొద్దున్నే వెళ్తే వెలుగూ బాగుంటుంది, రాతి మీద కాళ్లూ కాలవు. గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్లను పిల్లల చేతికి ఎత్తి ఇవ్వొద్దు.

సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లి పట్నం పక్కనే, ఆదివారం తప్ప ఏ రోజైనా పర్వాలేదు.

సాయంత్రం కళింగపట్నం సముద్రతీరం. ఆటోవాళ్లు ఎక్కువ దగ్గరే మొదలెడతారు. అక్కడ ఆగే సమయంతో కలిపి రానూపోనూ ఎంతో ముందే మాట్లాడుకోవాలి. లైట్‌హౌస్ ఉంది, గాలి హాయిగా ఉంటుంది. సూర్యాస్తమయం సముద్రంలో చూద్దామనుకునేవాళ్లు మాత్రం వెనక్కి తిరిగి నిలబడాలి, ఇది తూర్పు తీరం. వంశధార కలిసే చోట నీళ్లు పైకి నెమ్మదిగా కనిపించినా లోపల లాగుతాయి. స్నానానికి అక్కడ దిగొద్దు.