మా బాల్కనీకి పావురాల వల: రెండు వలలు, ఏడేళ్ల పైన వాడకం తర్వాత

ముందు అసలు మాట చెప్పేస్తాను. పావురాల బాధకి వల ఒక్కటే పనిచేస్తుంది, మిగతావన్నీ మహా అయితే వారం పది రోజుల ముచ్చట. కానీ అదే వల ఒకసారి మా ఇంట్లో రెండేళ్లకే చిరిగి కూర్చుంది, రెండోసారి ఐదేళ్లు దాటినా గట్టిగా ఉంది. సరుకులో తేడా ఉంది, కాదనను, కానీ అంతకంటే పెద్ద తేడా కట్టిన పద్ధతిలో ఉంది. ఆ సంగతి వల కట్టించుకోబోయే వాళ్లకి ముందే తెలియాలని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మేం ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో, నాలుగో అంతస్తు, పడమటి వైపు బాల్కనీ, దాని పక్కన వంటింటికి ఆనుకుని యుటిలిటీ. 2017లో వచ్చాం. వచ్చిన నెలకే బాల్కనీలో బట్టలు ఆరేయలేని పరిస్థితి. పొద్దున్నే ఉతికిన దుప్పటి మీద సాయంత్రానికి రెట్ట. ఏసీ బయటి యూనిట్ మీద, గీజర్ పైపుల వెనకాల, పాత కుండీల మధ్య, ఎక్కడ చూసినా పుల్లలు. తెల్లవారుజామున నాలుగున్నరకే కిటికీ దగ్గర గుర్రు గుర్రుమని మొదలయ్యేది.

అందరూ చెప్పేవన్నీ చేశాం. పాత సీడీలు దారం కట్టి వేలాడదీశాం, నాలుగు రోజులు దూరంగా ఉన్నాయి, ఐదో రోజు వాటి పక్కనే వాలాయి. ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మ కొన్నాం, కదలని బొమ్మకి భయపడక్కర్లేదని వాటికి పది రోజుల్లో తెలిసిపోయింది, చివరికి దాని తల మీదే కూర్చునేవి. నాఫ్తలీన్ ఉండల వాసనకి మాకు తలనొప్పి వచ్చింది గానీ అవి కదల్లేదు. మనకి వినపడని శబ్దం చేస్తుందనే మిషన్ ఒకటి 1,100 పెట్టి కొన్నాం. మనకి వినపడని ఆ పై స్థాయి శబ్దాలు పావురాలకీ వినపడవు, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. జిగురు జెల్ జోలికి మాత్రం మేం పోలేదు, మీరూ పోకండి, ఈకలకి అంటుకుంటే ఆ పక్షి ఎగరలేక చస్తుంది, పిచ్చుకలు కూడా ఇరుక్కుంటాయి.

ఇవి ఇంత మొండిగా ఎందుకు వస్తాయో అర్థం చేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఈ బూడిదరంగు పావురం కాకిలాగా చెట్టు మీద గూడు కట్టే పక్షి కాదు. దాని పూర్వీకులు కొండ చరియల్లో, రాతి గూళ్లలో గుడ్లు పెట్టినవి. మన అపార్ట్‌మెంట్ దాని కళ్లకి ఒక పెద్ద కొండ. పైన నీడ, కింద చదును, వెనక గోడ ఉంటే చాలు, అది గూటికి పనికొచ్చే చోటే. ఏసీ యూనిట్ పైభాగం సరిగ్గా అలాంటిది. పైగా ఒకసారి గుడ్లు పెట్టిన చోటికే మళ్లీ మళ్లీ వస్తాయి, ఎంతో దూరం నుంచి ఇల్లు వెతుక్కుని రాగల పక్షికి మన బాల్కనీ గుర్తుపెట్టుకోవడం ఒక లెక్కా? అందుకే చప్పట్లు కొట్టి తరిమితే లాభం లేదు.

మొదటి వల 2018 జనవరిలో కట్టించాం. చదరపు అడుగుకి 9 రూపాయలన్నాడు, బాల్కనీ, యుటిలిటీ కలిపి 153 అడుగులు, మొత్తం 1,400 లోపే అయిపోయింది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి గంటన్నరలో కట్టేసి వెళ్లిపోయారు, అంత తొందరగా అయిందని సంతోషించాం కూడా. చేపల గాలం దారంలాగా సన్నగా, తెల్లగా ఉండే రకం. కొక్కేలు మూడడుగులకి ఒకటి. అంచుకి తాడు లేదు, వల కళ్లనే నేరుగా కొక్కేలకి తగిలించారు. కింది వైపు రెయిలింగ్ కమ్మీకి నాలుగు చోట్ల ముడేసి వదిలేశారు. కింద కూడా బిగించమంటే "అక్కా, పావురం పైనుంచి వస్తది, కింద నుంచి రాదు" అన్నాడు. నమ్మాను.

అది పూర్తిగా తప్పు. పావురం ముందు రెయిలింగ్ కింద స్లాబు అంచు మీద వాలుతుంది, అక్కడి నుంచి మెల్లగా నడుచుకుంటూ ఎక్కడ వదులుగా ఉందో అక్కడ తల దూర్చి చూస్తుంది. తల పట్టిందంటే ఒళ్లంతా ముడుచుకుని లోపలికి వచ్చేస్తుంది. వచ్చాక బయటికి పోయే దారి మాత్రం దానికి దొరకదు.

2019 ఎండాకాలం దాటేసరికి పడమటి ఎండకి ఆ సన్నదారం పెళుసుబారింది, చేత్తో లాగితే పుటుక్కున తెగేది. ఏసీ పైపు వెళ్లే మూల దగ్గర అరచేయంత చిరుగు. సుతిలి తాడుతో కుట్టాను, దాని పక్కనే ఇంకోటి చిరిగింది. 2020 సంక్రాంతి ముందు రోజు పొద్దున పాలు పెడుతుంటే బాల్కనీలో టపటపమని ఒకటే చప్పుడు. వెళ్లి చూస్తే చిరుగు అంచుల దారాలు ఒక పావురం కాలికి, రెక్క మొదలుకి చుట్టుకుపోయి అది తలకిందులుగా వేలాడుతోంది. మా ఆయన దాన్ని పాత తువ్వాలులో పట్టుకుంటే నేను గోళ్ల కత్తెరతో ఒక్కొక్క దారం కత్తిరించాను. అరచేతుల మధ్య దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తే. కాలి చుట్టూ తోలు ఊడి ఎర్రగా కనిపిస్తోంది. వదలగానే ఎగిరింది గానీ చాలాసేపు ఎదురింటి పిట్టగోడ మీద ఒంటికాలి మీదే నిలబడింది. చిరిగిన వలని రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని వదిలేయడం ఎంత తప్పో ఆ రోజు తెలిసింది. వల ఉండి చిరిగి ఉండటం కంటే అసలు లేకపోవడమే నయం.

వల మార్పిద్దామని అనుకుంటూ ఉండగానే మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, కట్టేవాళ్లు రాలేరు. ఏప్రిల్ మొదట్లో ఏసీ యూనిట్ మీద ఒక గుడ్డు, ఒక రోజు వదిలి రెండోది. గూడు అని పేరే గానీ పది పదిహేను చీపురు పుల్లలు, ఒక ఇనుప తీగ ముక్క. తీసి పారేద్దామని మా అబ్బాయి అన్నాడు. అత్తయ్య ఒప్పుకోలేదు. "పొదుగుతున్న దాన్ని లేపకూడదమ్మా, ఆ పిల్లలు వెళ్లాక ఏదైనా చెయ్యండి" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇంట్లోనే ఉన్నాం కాబట్టి రోజూ చూసేవాళ్లం. పొద్దున పదింటికల్లా మగది వచ్చి కూర్చునేది, ఆడది లేచి వెళ్లేది. సాయంత్రం మళ్లీ ఆడది వచ్చి రాత్రంతా ఉండేది. పద్దెనిమిది రోజులకి పిల్లలొచ్చాయి. పసుపుపచ్చ నూగు, మూసుకున్న కళ్లు, మొహానికి మించిన ముక్కు. తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు సంచిలో ఊరే పాలలాంటి ముద్దని నోట్లో నోరు పెట్టి తాగిస్తాయి. ఇంకో నెలకి అవి ఎగిరిపోయాయి. అవి పూర్తిగా ఎగరకముందే ఆ జంట పక్కనే మళ్లీ పుల్లలు పేర్చడం మొదలుపెట్టింది. మన ఊళ్లలో వీటికి సీజన్ అంటూ ఉండదు, ఏడాది పొడవునా పెడుతూనే ఉంటాయి. అందుకే పిల్లలు ఎగిరిన రోజు, కొత్త గుడ్డు పడకముందే, చోటు ఖాళీ చేసి మూసేయాలి. రెండు రోజులు ఆగితే మళ్లీ ఏడు వారాలు ఆగాల్సి వస్తుంది. కొత్త వల వచ్చేదాకా రోజూ పొద్దున, సాయంత్రం పుల్లలు తీసేస్తూ, ఏసీ పైన అట్టపెట్టె అడ్డం పెట్టి కాపలా కాశాం.

శుభ్రం చేసే పని తక్కువ అనుకోకండి. ఎండిన రెట్టని పొడిగా చీపురుతో ఊడిస్తే ఆ దుమ్మంతా ముక్కులోకే. ఎన్95 మాస్కు, చేతికి గ్లవ్స్ వేసుకుని, ముందు సబ్బునీళ్లు చల్లి అరగంట నాననిచ్చి, తర్వాత గీకి, కవర్లో కట్టి పారేయాలి. మాకు రెండు పూటలు పట్టింది. గూడు తీశాక చిన్న చిన్న పురుగులు ఏసీ పైపు రంధ్రం గుండా బెడ్‌రూమ్‌లోకి వచ్చి పిల్లాడి చేతుల మీద దద్దుర్లు వచ్చాయి. ఆ రంధ్రాన్ని ముద్దతో మూసేదాకా తగ్గలేదు, గూడు తీసే ముందే మూసుంటే సరిపోయేది.

అన్నిటికంటే భయపెట్టింది అత్తయ్య దగ్గు. ఆవిడ రోజూ బాల్కనీలోనే కుర్చీ వేసుకుని జపం చేసుకుంటారు. నెలల తరబడి పొడిదగ్గు, సిరప్‌లకి తగ్గలేదు. ఛాతీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి "ఇంటి దగ్గర పావురాలున్నాయా?" అని. పావురాల రెట్ట, ఈకల దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల్లో హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ అనే జబ్బు వస్తుందట, ముదిరితే ఊపిరితిత్తులు గట్టిపడిపోయి మళ్లీ మామూలు కావట. ఆవిడకి అదృష్టవశాత్తూ స్కాన్‌లో అంతవరకు రాలేదు, ఆ దుమ్ముకి దూరంగా ఉండమన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే దయచేసి దీన్ని బట్టల మీద మరకల సమస్యగా చూడకండి.

2020 జూన్ చివర్లో రెండో వల. ఈసారి ముగ్గురిని పిలిచి మాట్లాడాను, రేటు కాకుండా ఎలా కడతారో అడిగాను. చదరపు అడుగుకి 18 చొప్పున అవే 153 అడుగులకి 2,750 దాకా అయింది. దారం మందంగా పేనినది, ఎండకి తట్టుకునే యూవీ రకం, కన్ను సైజు రెండంగుళాల లోపే. పావురాలకి అంత చాలు, పిచ్చుకల్ని కూడా ఆపాలంటే ఇంకా చిన్నది కావాలి, కానీ కన్ను చిన్నదయ్యే కొద్దీ దుమ్ము పట్టి వెలుతురు తగ్గుతుంది. కొక్కేలు స్టీలువి, అడుగుకి ఒకటి. మామూలు ఇనుపవి రెండు వానలకే తుప్పు కారి గోడంతా చారలు పడతాయి. వల చుట్టూ అంచు కళ్లలోంచి చిటికెన వేలంత తాడు ఎక్కించి, ఆ తాడుని కొక్కేలకి లాగి కట్టారు, దాంతో లాగుడు ఒక్కో కంటి మీద పడకుండా తాడంతా పంచుకుంటుంది. కింది అంచుని రెయిలింగ్‌కి కాకుండా దాని బయట నుంచి దింపి స్లాబు అంచుకే కొక్కేలు దింపి బిగించారు. ఏసీ పైపు దగ్గర వలని కోయకుండా, పైపు చుట్టూ చుట్టి కేబుల్ టైలతో ముడేశారు. పని నాలుగు గంటలు పట్టింది. మధ్యలో ఒక కుర్రాడు బెల్టు లేకుండా రెయిలింగ్ ఎక్కబోతే ఆపించేశాను, బెల్టు తెప్పించాకే మిగతా పని. నాలుగో అంతస్తు అది. మీరు కూడా బెల్టు సంగతి ముందే మాట్లాడుకోండి. పని అయ్యాక వల మధ్యలో అరచేత్తో నొక్కి చూడండి, బిగించిన నవారు మంచంలాగా వెనక్కి తన్నాలి, సంచిలాగా లోపలికి దిగితే మళ్లీ బిగించమనండి.

ఐదేళ్లలో ఒక్క పావురం లోపలికి రాలేదు. వచ్చిన ఇబ్బందులు వేరే. 2022 దీపావళికి కింద నుంచి ఎవరో వదిలిన రాకెట్ తగిలి పిడికిలంత కన్నం కాలింది, నిప్పు రవ్వకి ఈ దారం ఇట్టే కరిగిపోతుంది. మిగిలిన వల ముక్క ఇంట్లో దాచి ఉంచడం వల్ల ఆ రాత్రే మాసిక వేసుకున్నాం, మీరూ ఒక గజం ముక్క అడిగి తీసుకోండి. సంక్రాంతికి తెగిన మాంజా దారాలు చిక్కుకుంటాయి, వాటిని వెంటనే తీసేయాలి. ఆర్నెల్లకోసారి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి. బెడ్‌షీట్లు బయటికి వేలాడదీసి విదిలించే అలవాటు మానుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది పక్షుల వల, పిల్లలకి రక్షణగా కట్టేది కాదు. చంటిపిల్లలున్న ఇంట్లో వల ఉంది కదా అని బాల్కనీలో ఒంటరిగా వదలొద్దు.

పక్షులు వాలకుండా వేసే ముళ్ల పట్టీలు కూడా 2021లో బెడ్‌రూమ్ కిటికీ సజ్జ మీద వేయించాం. సన్నటి అంచు మీద అవి బాగానే పనిచేశాయి. వెడల్పుగా ఉన్న చోట మాత్రం ఆ ముళ్ల మధ్యలోనే పుల్లలు ఇరికించి ఇంకా గట్టి గూడు కట్టాయి. పక్క ఫ్లాట్ వాళ్లు ఇన్విజిబుల్ గ్రిల్ (సన్నటి తీగలు వరసగా బిగించేది) వేయించుకున్నారు, మా వలలాంటిదానికి అయ్యే ఖర్చుకి ఎన్నో రెట్లు. చూడ్డానికి అందంగా ఉంది, ఎక్కువ కాలం వస్తుంది కూడా. కానీ తీగల మధ్య మూడంగుళాలు వదిలారు, చిన్న పావురాలు పక్కకి తిరిగి దూరుతున్నాయి. అది కావాలంటే రెండంగుళాలకే వేయించుకోండి.

మా బాల్కనీ మూసేశాక పావురాలు డక్ట్‌లోకి, అంటే బిల్డింగ్‌లో పైపులు దిగే సందులోకి మళ్లాయి, బాత్రూమ్ కిటికీలన్నీ అటే. అసోసియేషన్ వాళ్లని ఏడాది పాటు అడిగితే డక్ట్ పైన వల వేశారు, కానీ ప్లంబర్ దిగడానికి దారి వదల్లేదు, మొదటి లీకేజీకే అతను కోసేశాడు. ఇప్పుడు ఒక మూల తాళం వేసే తలుపు పెట్టించాం, నిలిచింది.

అత్తయ్య ఇంతకుముందు మేడ మీద గుప్పెడు నూకలు చల్లేవారు. ఆవిడకి అది పుణ్యం, చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, మక్కా మసీదు దగ్గర, మొజంజాహి మార్కెట్ దగ్గర జనం గింజలు వేయడం చూసి పెరిగిన మనిషి. నేను ఎప్పుడూ గట్టిగా అనలేదు. డాక్టరు మాట తర్వాత తగ్గించారు. 2025లో ముంబయి దాదర్‌లో పావురాలకి గింజలు వేసే కబూతర్‌ఖానాని టార్పాలిన్‌తో మూసేసిన వార్త టీవీలో వచ్చినప్పుడు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. ఇప్పుడు నూకలకి బదులు వేసవిలో మెట్ల దగ్గర మట్టి మూకుడులో నీళ్లు పెడుతున్నారు, బుల్బుల్ పిట్టలు వస్తున్నాయి. తిండి దొరికే చోటు దగ్గరే గూళ్లు పెరుగుతాయి కాబట్టి, ఒక్క ఇంట్లో గింజలు వేసినా చుట్టుపక్కల పది ఇళ్లు వలలు కట్టుకోవాల్సిందే.

ఈ నెల చూసినప్పుడు పడమటి వైపు అంచు తాడు రంగు వెలిసి, రెండు చోట్ల పోగులు లేచాయి. వల బాగానే ఉంది, తాడు ఒక్కటే మార్చితే చాలన్నారు, 600 అడిగారు. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో రమ్మని చెప్పాను. ఆ జంట, లేదా దాని పిల్లల జంటేమో, ఇంకా ఎదురు పిట్టగోడ మీదే ఉంటోంది. తాడు విప్పే రోజు బాల్కనీలో ఎవరో ఒకరం సాయంత్రం దాకా నిలబడాల్సిందే.