కుట్టు చెడిన జాకెట్టు: విప్పడం మేలా, అతుకు మేలా, టైలరు మేలా?

ఇంట్లో మిషను మీద కుట్టుకున్న జాకెట్టు వేసుకుని చూస్తే చంకలో పట్టేస్తుంది. లేదా మెడ భుజం మీద నుంచి జారిపోతుంది, చెయ్యి ముందుకు చాపితే వీపు బిగుసుకుంటుంది. అప్పుడు మన ముందున్న దారులు నాలుగు. కుట్లు విప్పి మళ్లీ కుట్టవచ్చు, అతుకు వేసి సరిచేయవచ్చు, టైలరుకు ఇవ్వవచ్చు, ఆ గుడ్డను ఇంకొక వస్తువుగా మార్చవచ్చు. అనంతపురంలో నేను చూసినంతవరకు చాలామంది మొదటిదాన్నే పట్టుకుంటారు. బ్లేడు తీసి కూర్చుంటారు, గంటలో సగం గుడ్డ పీలికలవుతుంది, మిగిలింది బీరువా అడుగుకు చేరుతుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. తప్పు సూదిదా, కత్తెరదా అన్నది మొదట తేల్చుకోవాలి. సూదిది అయితే విప్పడమే మేలు. కత్తెరది అయితే ఎన్నిసార్లు విప్పినా ప్రయోజనం లేదు, అతుకే మేలు. టైలరు దగ్గరికి వెళ్లాల్సింది ముఖ్యంగా పట్టు విషయంలో, అదీ విప్పడానికి మనం చెయ్యి పెట్టకముందే.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. జాకెట్టును ఉల్టా తిప్పి బల్ల మీద పరచి, సరిగ్గా పట్టే ఆది జాకెట్టును దాని పక్కన పెట్టండి. చంక లోతు, భుజం వెడల్పు, డాట్ల (ఒంటి ఆకారం కోసం లోపలికి మడిచి కుట్టే మడతల) కొసలు, నడుము చుట్టుకొలత టేపుతో ఒక్కొక్కటిగా చూడండి. గుడ్డ లోపల ఉండి కుట్టు మాత్రమే తప్పు చోట పడితే అది సూది తప్పు. గుడ్డే లేకపోతే కత్తెర తప్పు. మెడ మరీ లోతుగా తెగడం, చంక ఎక్కువ చెక్కేయడం, పక్కల మార్జిన్ (కుట్టు లోపల అదనంగా ఉంచే గుడ్డ) వదలకపోవడం, ముందు భాగాలు రెండూ ఒకే వైపువి రావడం ఈ రెండో జాబితాలోకి వస్తాయి. ఈ చివరిది సాదా నూలు గుడ్డ అయితే పెద్ద కష్టం కాదు. మంచి వైపుకూ ఉల్టా వైపుకూ తేడా ఉండదు కాబట్టి ఒక ముక్కను తిప్పేస్తే సరిపోతుంది. అచ్చు వేసిన గుడ్డకు, జరీ గుడ్డకు ఆ వీలు లేదు.

పైకి కత్తెర తప్పులా కనిపించి నిజానికి సూది తప్పయ్యేది ఒకటుంది. కుడి చేతిని ఎడమ చంకకు, ఎడమ చేతిని కుడి చంకకు కుట్టడం. చేతి ముక్క పైభాగంలో ముందు వైపు వంపు కాస్త లోతుగా ఉంటుంది, వెనక వైపు తక్కువగా ఉంటుంది. అవి తారుమారైతే ముందు చంక దగ్గర గుడ్డ ముడతలు పడి నిలుస్తుంది, చెయ్యి చాపినప్పుడల్లా వెనక లాగుతుంది. కొలతలు తప్పాయనుకుని పక్క కుట్లు వదులు చేసేవాళ్లున్నారు. దానివల్ల నడుము వదులవుతుంది తప్ప చంక బాగుపడదు. చేతులు రెండూ విప్పి అటుదిటు, ఇటుదటు మారిస్తే జాకెట్టు కొత్తదానిలా కూర్చుంటుంది. ఇలాంటి చోట విప్పడాన్ని మించిన మందు లేదు.

విప్పడంలో కూడా పద్ధతి ఉంది. బియ్యం బస్తా మూతి కుట్టు చూడండి, సరైన కొస దొరికితే ఒక్క లాగుకు మొత్తం ఊడి వస్తుంది. అది గొలుసు కుట్టు. మన ఇంటి మిషను వేసేది అలాంటిది కాదు. పై దారం, బాబిన్ దారం గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషను వేసింది కూడా ఈ కుట్టే. లాగితే ఊడదు, బలంగా లాగితే గుడ్డ చిరుగుతుంది. అందుకే ఒక వైపు ప్రతి నాలుగైదు కుట్లకు ఒకటి చొప్పున సీమ్ రిప్పరుతోనో (కుట్లు తెంపే చిన్న పరికరం), సన్నని మొన ఉన్న చిన్న కత్తెరతోనో తెంపుకుంటూ పోవాలి. తర్వాత గుడ్డ తిప్పి రెండో వైపు దారాన్ని మెల్లగా లాగితే పొడవుగా, నిండుగా వచ్చేస్తుంది. పై వైపు మిగిలిన చిన్న దారపు తునకలను చేత్తో దులిపేయవచ్చు. రెండు పొరలను చెరో చేత్తో పట్టుకుని విడదీస్తూ మధ్యలో బ్లేడు పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. వేగంగా అవుతుంది, నిజమే. కానీ బ్లేడు ఒక్కసారి జారితే సూది తప్పు కాస్తా కత్తెర తప్పవుతుంది.

విప్పాక వెంటనే మళ్లీ కుట్టకూడదు. మొదటిసారి కుట్టు ఎందుకు చెడిందో చూడాలి. కింది వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే లోపం చాలాసార్లు పైనే ఉంటుంది. పై దారం, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ బిళ్లల మధ్య సరిగా కూర్చోక అలా అవుతుంది. మొదటి నుంచి దారం ఎక్కించుకోవాలి. కుట్లు మధ్యమధ్యలో దాటిపోతుంటే సూది మొద్దుబారింది, లేదా గుడ్డకు తగ్గ సూది కాదు. పల్చటి పట్టుకు 9 లేదా 11 నంబరు, మామూలు నూలుకు 14, మందపు గుడ్డకు 16 సరిపోతాయి. అదే గుడ్డ కత్తిరింపులు రెండు పొరలుగా పెట్టి ఒక జానెడు కుట్టి చూడకుండా జాకెట్టు మీదికి వెళ్లవద్దు.

బిగుతు సంగతికొస్తే చిన్న లెక్క ఉంది. ఒక పక్క కుట్టులో రెండు పొరలుంటాయి. ఒక్కో పొరలో అర అంగుళం వదిలితే ఆ పక్క అంగుళం, రెండు పక్కలా కలిపి రెండు అంగుళాలు చుట్టుకొలతలో పెరుగుతాయి. లోపల మూడు పావుల అంగుళం మార్జిన్ ఉన్నా చాలు, గండం గడుస్తుంది. అయితే పక్కను వదిలి చెయ్యి కింది కుట్టును అలాగే ఉంచితే చంక దగ్గర మెలిక పడుతుంది. చేతి అంచు నుంచి నడుము దాకా ఒకే గీతగా విప్పి ఒకే గీతగా కుట్టాలి. ముందు కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని చూసి, ఆ తర్వాతే మిషను.

ఇదంతా నూలు గుడ్డ మాట. నూలు దయగలది. సూది చేసిన రంధ్రాలు కాస్త తడిపి ఇస్త్రీ చేస్తే పూడుకుపోతాయి. రెండుసార్లు విప్పినా భరిస్తుంది, మూడోసారికి అంచు పీచులెత్తుతుంది. పట్టు అలా కాదు. కుట్టు పడిన గీత వెంట చుక్కల వరుస మిగిలిపోతుంది, మంచి వైపున పడితే దూరానికి కూడా కనిపిస్తుంది. గోటితో మెల్లగా నేత వెంబడి రుద్దితే కొంత సర్దుకుంటుంది, పూర్తిగా పోదు. తడిపి ఇస్త్రీ చేద్దామంటే నీటి మరక భయం. జరీ ఉన్న చోట రిప్పరు మొన తగిలితే జరీ పోగు లేచి పైకి వస్తుంది, దాన్ని మళ్లీ నేతలో కలపడం ఎవరి తరమూ కాదు.

మాకు ధర్మవరం సుమారు 40 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడిపోయి అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, పెళ్లి పట్టంటే అనంతపురం వాళ్ల కాళ్లు ఇప్పటికీ అటే నడుస్తాయి. ధర్మవరం చీరతో పాటే జాకెట్టు ముక్క కూడా మగ్గం మీద నేసి వస్తుంది. అదే రంగు, అదే జరీ అంచు బయట దొరకవు. నూలు ముక్క పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు, ఈ ముక్క పోతే పోయినట్టే. అందుకే పట్టు దగ్గర నా సలహా వేరు.

మా అన్న కూతురు పట్టు జాకెట్టు మొదటిసారి ఇంట్లోనే కుట్టింది. చేతులు బిగుతు. బ్లేడు చేతిలో పట్టుకుని, "అత్తా, విప్పేయనా?" అంది. "ఆగమ్మా, లోపల ఎంత గుడ్డుందో ముందు చూద్దాం" అన్నాను. లైనింగు అంచు ఎత్తి చూస్తే పట్టు ముక్క మార్జిన్ పావు అంగుళం కూడా లేదు, లైనింగుకు మాత్రం బాగా ఉంది. అంటే పట్టును విప్పి లాభం లేదు. పైగా లైనింగును నానబెట్టకుండా కోసింది. మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి పైనున్న పట్టును ముడతలుగా లాగేస్తుంది. అక్కడ విప్పడం కన్నా, అలాగే మడిచి, మిగిలిన ముక్కలన్నీ సంచిలో వేసి మా ఊళ్లోని పాతూరులో పట్టు జాకెట్లు కుట్టే మాస్టరుకు చూపించడమే మేలనిపించింది. ఆయన చేతుల కింద అంచు జరీ వచ్చేలా సన్నని పట్టీ వేసి వదులు చేశారు, లైనింగు మార్చారు. చేతి కిందుగా ఉండటంతో అతుకు కనిపించలేదు.

టైలరుకు ఇవ్వడంలో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. చాలామంది టైలర్లకు ఇతరులు కుట్టినదాన్ని సరిచేయడం ఇష్టం ఉండదు. కొత్తది కుట్టడం కన్నా అందులో శ్రమ ఎక్కువ, కూలి తక్కువ. శ్రావణంలో, మాఘంలో పెళ్లిళ్లప్పుడు అసలు తీసుకోరు. ఇవ్వదలిస్తే ముహూర్తాలు లేని రోజుల్లో ఇవ్వండి. ఆది జాకెట్టు, మిగిలిన ముక్కలు, వాడిన దారపు రీలు కూడా పట్టుకెళ్లండి. "బిగుతుగా ఉంది" అని వదిలేయకుండా ఎక్కడ ఎంత పడుతోందో తొడుక్కున్నప్పుడు సుద్దముక్కతో గుర్తు పెట్టి ఇవ్వండి. సగం విప్పి పట్టుకెళితే ఏ గీత మీద మొదట కుట్టామో ఆయనకు తెలియదు, పని రెట్టింపవుతుంది.

జీన్సు ప్యాంటు పొడవు తగ్గించడం మాత్రం మొదటే టైలరు పని. పక్క కుట్టు మీద పొరలన్నీ ఒక్కచోట చేరతాయి, ఇంటి మిషను అక్కడ ఆగిపోయి సూది విరుగుతుంది. మా జిల్లాలోని రాయదుర్గంలో జీన్సు కుట్టే మిషన్లను ఒకసారి చూస్తే ఈ పనికి ఎలాంటి బలం కావాలో అర్థమవుతుంది.

ఇక అతుకు. దీనికి మన ఇళ్లలో ఉన్న చెడ్డ పేరు అన్యాయం. చంక ఎక్కువ బిగిస్తే, మార్జిన్ లేకపోతే, మూడు అంగుళాల చదరపు ముక్క కోసి, దాన్ని మూల మీద నిలబెట్టి, పక్క కుట్టు, చేతి కుట్టు, చంక కుట్టు కలిసే చోట అమర్చండి. అర అంగుళం చొప్పున కుట్టులోకి పోగా రెండు అంగుళాల ముక్క మిగులుతుంది. చెయ్యి హాయిగా లేస్తుంది. చెయ్యి దించితే ఆ ముక్క ఎవరికీ కనిపించదు. విప్పి కుట్టడం ఇవ్వలేని సౌఖ్యం ఇది ఇస్తుంది, ఎందుకంటే లేని గుడ్డను ఇది తెచ్చి పెడుతోంది.

మెడ విషయంలో రెండు రకాల తప్పుల్ని కలిపి చూడవద్దు. మెడ అంచు వంపుగా తెగుతుంది కాబట్టి కుట్టేటప్పుడు లాగితే సాగుతుంది. అది సూది తప్పు. క్రాస్ పీస్ (మెడ అంచుకు వేసే, ఏటవాలుగా కోసిన పట్టీ) విప్పి, మెడ అంచు వెంట పొడవు కుట్టు ఒకటి వేసి, దారం కొద్దిగా లాగి అంచును దగ్గరకు తెచ్చి, ఇస్త్రీతో అణచి, ఈసారి క్రాస్ పీస్‌ను కాస్త పొట్టిగా కోసి దాన్ని లాగుతూ కుడితే మెడ ఒంటికి అతుక్కుంటుంది. మెడ నిజంగానే ఎక్కువ తెగితే మాత్రం విప్పి లాభం లేదు. వీపు వైపు డోరీలు (ముడి వేసే తాళ్లు) పెడితే భుజం జారడం ఆగుతుంది. లోతును పూడ్చాలంటే చీర అంచు రంగులో ఒక పట్టీని మెడ చుట్టూ వెడల్పుగా వేయాలి. రంగు కలిసీ కలవని గుడ్డ మాత్రం వేయకండి. అది దాచే ప్రయత్నంలా కనిపిస్తుంది. పూర్తిగా వేరే రంగు, చీరలో ఎక్కడో ఉన్న రంగు తీసుకుంటే అదే అందమవుతుంది.

నాలుగో దారి, గుడ్డను మరొకటిగా మార్చడం, చివరిది మాత్రమే. తొందరపడి అటు పోవద్దు. పెద్దల కుర్తా పాడైతే పిల్లల గౌను వస్తుంది, నిలువు నేత నిలువుగానే ఉండేలా కోయాలి, లేకపోతే ఉతికాక ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది. పట్టు జాకెట్టు ముక్క మరీ చెడితే దాని అంచు జరీని కోసి తీసి పిల్ల పావడా కింది భాగానికి వేయవచ్చు. మెత్తని నూలు ముక్కలకు బొంత ఎప్పుడూ ఉండనే ఉంది.

రోజూ కట్టుకునే చీరల టూ బై టూ జాకెట్టు ముక్క కత్తెర తప్పుతో చెడితే నేను అతుకు కూడా వేయను. ఇంకో ముక్క కొంటాను, ఎందుకంటే అక్కడ గుడ్డ కన్నా మన పూటే ఖరీదు. చీర పట్టుకుని పగటిపూట మ్యాచింగ్ సెంటరుకు వెళ్లి, ముక్కను గుమ్మం బయటకు తెచ్చి ఎండ వెలుతురులో చీర పక్కన పెట్టి చూసి తీసుకోండి. ట్యూబులైటు కింద కలిసిన ఆకుపచ్చలు రెండూ బయటకొస్తే విడిపోతాయి. ఈసారి కోసే ముందు గుడ్డను, లైనింగును రెండింటినీ ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి, పక్కలకు అంగుళం చొప్పున మార్జిన్ వదిలి గీత గీయండి.