కెనడాలో ఒక్కటే ఇండెక్స్ ఫండ్ కొనాలంటే: ఎక్స్‌ఈక్యూటీ

కెనడా బ్యాంకు బ్రాంచిల్లో అమ్మే చాలా మ్యూచువల్ ఫండ్లకు ఏడాదికి 2 శాతం దాకా ఖర్చవుతుంది. దానికి బిల్లు రాదు. ఫండ్ విలువలోంచే రోజూ కొంచెం కొంచెం తీసేసుకుంటారు కాబట్టి స్టేట్‌మెంట్‌లో కంటికి ఆనదు. లెక్క వేస్తేనే తెలుస్తుంది: లక్ష డాలర్లు ఖర్చులు పోకముందు ఏటా 6 శాతం పెరిగాయనుకోండి. 25 ఏళ్లకు 2 శాతం ఎంఈఆర్ (ఫండ్ ఏటా తీసుకునే ఖర్చు శాతం) ఉన్న ఫండ్‌లో సుమారు 2,67,000 అవుతాయి. 0.20 శాతం ఫండ్‌లో అవే 4,09,000. ఈ ఒక్క కారణం చాలు, బ్యాంకు ఫండ్ల నుంచి బయటికి రావడానికి.

బ్లాక్‌రాక్ వాళ్ల ఐషేర్స్ ఎక్స్‌ఈక్యూటీ (XEQT) 2019లో వచ్చింది. ఇది మార్కెట్ సూచీలను అనుసరించే ఇండెక్స్ ఫండ్లను పట్టుకునే ఫండ్. సుమారు 45 శాతం అమెరికా, 25 శాతం కెనడా, 25 శాతం యూరప్, జపాన్ లాంటి దేశాలు, 5 శాతం భారత్, చైనా వంటి మార్కెట్లు. ఈ పాళ్లు అటూ ఇటూ అయితే వాళ్లే సరిచేస్తారు. ఎంఈఆర్ దాదాపు 0.20 శాతం. వాన్‌గార్డ్ వీఈక్యూటీ దీనికి తోబుట్టువు లాంటిదే, కెనడా వాటా 30 శాతం దగ్గర ఉంటుంది. ఈ రెంటి మధ్య తర్జనభర్జన పడి నెలలు పోగొట్టుకోవద్దు, ఏది కొన్నా మంచిదే.

ఎక్స్‌ఈక్యూటీలో బాండ్లు (వడ్డీ ఇచ్చే అప్పుపత్రాలు) అసలు లేవు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో టొరంటో సూచీ మూడో వంతుకు పైగా పడింది. అలాంటప్పుడు అమ్మేసుకునే మనిషికి ఇది పనికిరాదు. వాళ్లు 20 శాతం బాండ్లున్న ఎక్స్‌జీఆర్‌ఓ, 40 శాతం ఉన్న ఎక్స్‌బాల్ చూసుకోవాలి. మూడేళ్లలో ఇంటి డౌన్ పేమెంట్‌కి కావాల్సిన డబ్బు వీటిలో దేనిలోనూ పెట్టకూడదు.

ఫండ్ కన్నా ఖాతా దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. టీఎఫ్‌ఎస్‌ఏ (లాభం మీద పన్ను పడని పొదుపు ఖాతా) పరిమితి 2025 నాటికి మొత్తం 1,02,000 డాలర్లని అందరూ చెప్పే మాట. అది 2009 నుంచీ కెనడాలోనే ఉండి, అప్పటికే 18 నిండినవాళ్లకు. మనవాళ్లలో చాలామంది తర్వాత వచ్చినవాళ్లే. నివాసి అయిన ఏడాది నుంచే లెక్క మొదలవుతుంది. 2023లో వచ్చినవాళ్లకు 6,500, 7,000, 7,000 కలిపి 2025 నాటికి 20,500 మాత్రమే. డిసెంబరులో దిగినా ఆ ఏడాది వాటా పూర్తిగా వస్తుంది, అది మేలే. మించి వేస్తే, ఎక్కువైన మొత్తం మీద నెలకు 1 శాతం జరిమానా. సీఆర్‌ఏ (కెనడా పన్ను శాఖ) ఖాతాలో కనబడే అంకె ఆలస్యంగా మారుతుంది, కాబట్టి సొంత లెక్క రాసిపెట్టుకోవాలి. కంపెనీ గ్రూప్ ఆర్‌ఆర్‌ఎస్‌పీలో (రిటైర్‌మెంట్ పొదుపు ఖాతాలో) యజమాని జత చేసే సొమ్ము ఉంటే, ముందు అది పూర్తిగా తీసుకున్నాకే మిగతావి.

ఎంఈఆర్‌లో కనబడని ఖర్చు ఇంకొకటుంది. అమెరికా కంపెనీల డివిడెండ్ మీద అక్కడే 15 శాతం కోత పడుతుంది. ఎక్స్‌ఈక్యూటీని టీఎఫ్‌ఎస్‌ఏలో పెట్టినా, ఆర్‌ఆర్‌ఎస్‌పీలో పెట్టినా ఈ కోత తప్పదు. డివిడెండ్ ఒకటిన్నర శాతం, అమెరికా వాటా 45 శాతం అనుకుంటే ఏడాదికి దాదాపు 0.10 శాతం, అంటే 50,000 మీద 50 డాలర్లు. అమెరికాలో నమోదైన ఐటాట్ (ITOT, అమెరికా షేర్ల ఫండ్) లాంటి ఫండ్‌ని నేరుగా ఆర్‌ఆర్‌ఎస్‌పీలో కొంటే ఈ కోత ఉండదు. కానీ కెనడా డాలర్లను అమెరికా డాలర్లుగా మార్చడానికి బ్రోకర్ తీసుకునే ఒకటి, ఒకటిన్నర శాతం ఆ లాభాన్ని ఏళ్లపాటు మింగేస్తుంది. పైగా పాళ్లు మనమే చూసుకోవాలి. ఆర్‌ఆర్‌ఎస్‌పీ లక్ష దాటేదాకా ఆ జోలికి వెళ్లకపోవడమే నయం.

కొనేటప్పుడు కమిషన్ చూడండి. వెల్త్‌సింపుల్, క్వెస్ట్రేడ్ బ్రోకర్ల దగ్గర ఈటీఎఫ్‌కి (ఎక్స్‌ఈక్యూటీలా షేర్ మార్కెట్లో కొనే ఫండ్‌కి) కమిషన్ లేదు. కొన్ని బ్యాంకు బ్రోకరేజీల్లో లావాదేవీకి 9.99 డాలర్లు. నెలకు 200 పెట్టేవాళ్లకు అది 5 శాతం! మార్కెట్ తెరిచిన మొదటి పావుగంట, మూసే ముందు పావుగంట వదిలేసి, లిమిట్ ఆర్డర్ (ఇంతకు మించి ధర ఇవ్వనని చెప్పే ఆర్డర్) పెట్టాలి.

పన్ను పడే మామూలు ఖాతాలో కొంటే కొన్న ధర లెక్క మీదే. ఫండ్ చేతికివ్వకుండా తిరిగి పెట్టిన లాభాలను కూడా ఆ ధరకు కలపాలి, లేకపోతే అమ్మినప్పుడు ఒకే లాభం మీద రెండుసార్లు పన్ను కడతారు. నష్టానికి అమ్మి, ముందూ వెనకా 30 రోజుల్లోపు అదే ఫండ్ కొని ఉంచుకుంటే ఆ నష్టం అప్పటికి చెల్లదు. ఇండియాలో మ్యూచువల్ ఫండ్లు, పెట్టుబడి ప్లాట్లు ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: విదేశీ ఆస్తుల కొన్న ఖర్చు మొత్తం లక్ష కెనడా డాలర్లు దాటితే సీఆర్‌ఏకి టీ1135 ఫారం వేయాలి. మామూలు ఖాతాలోని ఐటాట్ ఆ లెక్కలోకి వస్తుంది, ఎక్స్‌ఈక్యూటీ రాదు.