స్పెయిన్‌లో ఫ్లాట్ కొనడానికి పెట్టుకున్న లాయర్: కొన్నేళ్ల తర్వాత నా రివ్యూ

మేముండేది బ్రిటన్‌లో, పాస్‌పోర్టులు ఇండియావి, ఫ్లాట్ కొన్నది స్పెయిన్‌లో అలికాంతె దగ్గర ఒక పాత బిల్డింగ్‌లో. సముద్రం కనపడదు గానీ నడిచి వెళ్లొచ్చు. అప్పుడు పెట్టుకున్న లాయరే ఇప్పటికీ మా పన్నుల వ్యవహారం చూస్తోంది కాబట్టి ఇది కొత్త మోజులో రాస్తున్న రివ్యూ కాదు. మళ్లీ కొంటే ఆవిడనే పెట్టుకుంటాను, సణుక్కుంటూనే.

ఇల్లు కొనడానికి లాయర్ ఉండి తీరాలని స్పెయిన్ చట్టంలో లేదు. ఏజెంట్ మొదట్లోనే అనేశాడు, "అన్నీ నోటరీ చూసుకుంటాడు, లాయర్ దండగ" అని. అక్కడి నోటరీ నిజంగానే పెద్ద అధికారి. దస్తావేజు చదివి వినిపిస్తాడు, వచ్చినవాళ్లు వాళ్లేనా కాదా చూస్తాడు, రిజిస్ట్రీలో తనఖాలు, జప్తులు ఉన్నాయేమో చూస్తాడు. కానీ ఆయన మన మనిషీ కాదు, అమ్మేవాడి మనిషీ కాదు. బాల్కనీకి అద్దాలు బిగించి గది చేసుకున్నారే, దానికి పర్మిషన్ ఉందా అని వెతికిపెట్టడం ఆయన పని కాదు. పైగా ఆయన ముందు కూర్చునేసరికి మన డబ్బు కొంత ఎప్పుడో చేతులు మారిపోయి ఉంటుంది.

ఆ కొంత అంటే అర్రాస్. అక్కడి అడ్వాన్సు అగ్రిమెంట్ అన్నమాట, మామూలుగా ధరలో 10 శాతం. సివిల్ కోడ్ 1454వ ఆర్టికల్ రకం అర్రాస్ అయితే మనం వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోయినట్టే, అమ్మేవాళ్లు తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. అయితే అన్ని అర్రాస్‌లూ ఆ రకం కావు, కాగితం మీద ఏ రకమో స్పష్టంగా రాసుకోవాలి. ఏజెంట్ పంపిన డ్రాఫ్ట్‌లో అది గోడ మీద పిల్లిలా ఉంటే మా లాయర్ కొట్టేసి మళ్లీ రాసింది. నన్నడిగితే లాయర్ ఫీజులో ముప్పావు వంతు ఈ సంతకానికి ముందు జరిగే పనికే. నోటరీ దగ్గర కోటు వేసుకొచ్చి పక్కన కూర్చోవడం మిగతా పావు.

ఆవిడ ఏం చేసిందో ఒక్కటి వివరంగా చెప్తాను. మొదట రిజిస్ట్రీ నుంచి నోటా సింప్లే తెప్పించింది, అది పది యూరోల చుట్టూ పడే కాగితం, ఎవరైనా తెప్పించుకోవచ్చు. అందులో ఓనర్ పేరు సరిగ్గానే ఉంది, తనఖా లేదు. బిల్డింగ్ అసోసియేషన్ బకాయిలేమీ లేవని సర్టిఫికెట్ కూడా వచ్చింది. (ఇది ముఖ్యం, ఎందుకంటే పాత ఓనర్ ఎగ్గొట్టిన బకాయిల్లో నడుస్తున్న ఏడాదివి, అంతకుముందు మూడేళ్లవి ఫ్లాట్‌ని పట్టుకునే ఉంటాయి, అంటే కొన్నవాడి నెత్తిన పడతాయి.) నేనైతే అక్కడితో హమ్మయ్య అనుకునేవాణ్ణి. ఆవిడ మాత్రం అసోసియేషన్ మీటింగుల మినిట్స్ అడిగి కూర్చుని చదివింది. అంతకుముందు మీటింగ్‌లోనే లిఫ్టు మార్చడానికి ఇంటికింత అని ప్రత్యేక వసూలు ఆమోదించారు, బిల్లులు ఇంకా పంపలేదు. బిల్లు వేయలేదు కాబట్టి అది బకాయి కాదు, అందుకే సర్టిఫికెట్‌లో సున్నా. ఇలాంటి వసూళ్లు కట్టాల్సిన తేదీకి ఎవరు ఓనరైతే వాళ్లే కట్టాలి, అంటే మేమే. ఆవిడ అర్రాస్‌లో ఒక వాక్యం చేర్పించి అది అమ్మేవాళ్ల ఖాతాలో వేసింది. ఏజెంట్ మొహం మాడ్చుకున్నాడు. ఆ ఒక్క వాక్యంతో ఆవిడ ఫీజులో మంచి భాగం తిరిగొచ్చేసింది.

ఇంకో సంగతి. మాకు అమ్మినవాళ్లూ స్పెయిన్‌లో ఉండేవాళ్లు కాదు. అలాంటప్పుడు అమ్మేవాళ్ల పన్ను కింద ధరలో 3 శాతం కొనేవాళ్లే పట్టుకుని, నెలలోగా మొడెలో 211 ఫారంతో పన్నుల శాఖకి కట్టాలి. కట్టకపోతే ఆ భారం ఫ్లాట్ మీద ఉంటుంది. ఏజెంట్ ఈ ఊసే ఎత్తలేదు.

మావాళ్లలో ఒకాయన ఏజెంట్ చూపించిన లాయర్‌నే పెట్టుకున్నాడు, పని చకచకా అయిపోయింది, ఏ గొడవా రాలేదు. కాబట్టి అలా చేస్తే మునిగిపోతారని అనను. కానీ నెలనెలా కేసులు పంపే ఏజెంట్‌తో "ఈ బేరం వద్దు" అని చెప్పే ధైర్యం ఆ లాయర్‌కి ఎక్కడినుంచి వస్తుంది? మేం స్థానిక బార్ అసోసియేషన్‌లో నమోదు నంబరు సరిచూసుకుని, ఏజెంట్‌కి సంబంధం లేని మనిషిని వెతుక్కున్నాం. ఇంగ్లిష్ బాగా రావాలన్నది మా ఆవిడ పెట్టిన షరతు. అది మంచిదైంది.

ఇక తిట్టాల్సినవి. ఆగస్టు వచ్చిందంటే మా లాయర్ ఆఫీసే కాదు, అక్కడ సగం దేశం సెలవులో ఉంటుంది. మా అర్రాస్ గడువు సెప్టెంబరులో ముగుస్తుంటే మెయిల్‌కి జవాబు లేక మాకు ఒకటే టెన్షన్. ఫీజు ధరలో 1 శాతం అంది, దానిమీద 21 శాతం వ్యాట్ సంగతి చిన్న అక్షరాల్లో ఉంది. కరెంటు, నీళ్ల కనెక్షన్లు పేరు మార్చడం ఫీజులోదే అనుకున్నాం, విడిగా బిల్లు వచ్చింది. ఏమేం కలిసి ఉన్నాయో మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

పవర్ ఆఫ్ అటార్నీ గురించి కాస్త జాగ్రత్త. ఆవిడ పంపిన నమూనాలో కొనడం, బ్యాంకు ఖాతా తెరవడంతో పాటు అమ్మడం, తనఖా పెట్టడం కూడా ఉన్నాయి. అందరికీ అదే ఫార్మాట్ అంది. మేం ఆ రెండూ తీయించాకే సంతకం చేసి అపొస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లడానికి వేసే అధికారిక ముద్ర) వేయించాం, ఆవిడ ఏమీ అనుకోలేదు.

పన్నులకి వస్తే, 2022 నుంచి పాత ఇళ్ల మీద బదిలీ పన్ను లెక్క మారింది. మనం ఇచ్చిన ధర కంటే ప్రభుత్వ రికార్డులోని రిఫరెన్స్ విలువ ఎక్కువైతే దానిమీదే కట్టాలి. బేరమాడి తగ్గించుకున్నాం కదా అని సంబరపడుతుంటే ఆవిడ ముందే చెప్పింది, డబ్బు సిద్ధం చేసుకున్నాం. కొన్నాక కూడా ఏటా మొడెలో 210 అనే పన్ను ఫారం ఉంటుంది. ఫ్లాట్ అద్దెకివ్వకపోయినా, తాళం వేసి ఉన్నా, ఆదాయం వచ్చినట్టే లెక్కగట్టి యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్ల దగ్గర 24 శాతం తీసుకుంటారు. ఆ ఫారం ఆవిడే వేస్తుంది, చిన్న ఫీజు. నేర్చుకుంటే మనమే వేసుకోవచ్చు, నాకు ఓపిక లేదు.

ఈ మధ్య టూరిస్టులకి అద్దెకిద్దామా అని అడిగాను. 2025 ఏప్రిల్ 3 నుంచి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అసోసియేషన్‌లో అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలట. మా బిల్డింగ్‌లో ఎక్కువమంది ఏడాది పొడుగునా ఉండే పెద్దవాళ్లు, ఒప్పుకోరు. ఆ మాట ఆవిడ రెండు లైన్ల మెయిల్‌లో తేల్చేసింది, బిల్లు కూడా వేయలేదు.