వంశధార ఒడ్డున పాత తాలూకా కచేరీ: లోపల ఏం చూడాలి, ఎక్కడ నిలబడకూడదు

శ్రీకాకుళం జిల్లాలో పాత కట్టడాలంటే అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం పేర్లు వెంటనే వస్తాయి. దొరల కాలంనాటి కచేరీల (సర్కారు ఆఫీసుల) పేరు ఎవరూ ఎత్తరు. వంశధారకు కూతవేటు దూరంలో పాడుబడి ఉన్న ఈ తాలూకా కచేరీ కోసం మాత్రం ఒక పూట వెచ్చించవచ్చు. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాం. తగ్గిన ఆ ఒక్క మార్కు కట్టినవాళ్లది కాదు, తర్వాత మరమ్మతులు చేసినవాళ్లది.

ఊరి పేరు కావాలనే రాయడం లేదు. తలుపుల బందులు, కిటికీ ఊచలు, కప్పును మోసే టేకు దంతెల ముక్కలు ఇప్పటికే చాలావరకు మాయమయ్యాయి. పేరు బయటపడితే మిగిలినవీ పోతాయి. ఇదే తరహా కచేరీ మీ ఊళ్లో ఉన్నా కింద రాసినవన్నీ దానికీ పనికొస్తాయి, ఎందుకంటే అప్పట్లో వీటిని దాదాపు ఒకే పద్ధతిలో కట్టారు.

కచేరీ, కోర్టు, ఖజానా, ఖైదు నాలుగూ ఒకే ఆవరణలో ఉండేవి. శిస్తు వసూలు చేసే తహసీల్దారే చిన్న నేరాలకు మేజిస్ట్రేటు కూడా. అందుకే ముందు వరండా, మధ్యలో పెద్ద హాలు, ఒక పక్క రికార్డు గది, ఇంకో పక్క ఖజానా, వెనక ఖైదు కొట్లు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ ప్రాంతం గంజాం జిల్లా కింద ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడంతో ఇలాంటి కచేరీలకు పని తగ్గింది. మనుషులు తిరగని ఇంటికి ఏమవుతుందో ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది.

అనుమతి తప్పనిసరి. పాడుబడినా ఇది సర్కారు ఆస్తే. తెల్లకాగితం మీద తహసీల్దారు పేర దరఖాస్తు రాసి, వెళ్లేవాళ్ల పేర్లు, తేదీ, ఎందుకు వెళ్తున్నారు అన్నది స్పష్టంగా పెట్టి, ఆధార్ నకళ్లు జత చేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. చూడటానికి అని మాత్రమే రాస్తే ఆ కాగితం బల్ల మీదే ఉండిపోతుంది. ఫొటోలా, కొలతలా, విద్యార్థుల ప్రాజెక్టా అన్నది రాస్తే పని త్వరగా జరుగుతుంది. టికెట్టు లేదు, ఎవరికీ డబ్బు కట్టాల్సిన పనీ లేదు. గేటు తాళం దగ్గర్లోనే ఉండే కాపలా తాత దగ్గర ఉంటుంది. ఆయన చెప్పే మాట ఒక్కటి మాత్రం తీసిపారేయకండి: "ఆ పడమటి గదిలోకి ఎల్లకండి బావూ, దూలం దిగిపోనాది."

బయటి నుంచే మొదలుపెట్టండి. ఆవరణలో ఈశాన్యం మూల గడ్డి కింద గుండ్రంగా ఒక కాలువలాంటిది తగులుతుంది, అడుగు వెడల్పు, అడ్డంగా పది అడుగులు. అది సున్నం గానుగ. రాతి చక్రాన్ని ఎద్దులతో ఆ కాలువలో తిప్పి, తడిపిన సున్నం, ఇసుక కలిపి రోజుల తరబడి నూరేవారు. ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఇసుక మామూలు లెక్క. నీరు ఎక్కువ తగిలేచోట ఇసుకకు బదులు కొంత ఇటుకపొడి వేసేవారు. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవారు. అలా నూరినదే డంగు సున్నం. సిమెంటులా గంటల్లో బిగుసుకోదు, గాలి తగులుతూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. చాలామంది ఈ గానుగ మీద బళ్లు పెట్టి లోపలికి పోతున్నారు. బళ్లు గేటు బయటే ఆపండి.

వరండాలో ఏడు కమానులకు ఐదు నిలబడి ఉన్నాయి. కట్టడం వయసు తెలుసుకోవడానికి ఇక్కడ రెండు ఆనవాళ్లు ఉన్నాయి. మొదటిది రాలిపడిన బెంగుళూరు పెంకు. పేరు బెంగుళూరు అయినా పుట్టిల్లు మంగుళూరు, అక్కడ బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో ఈ పెంకుల కర్మాగారం పెట్టారు. పెంకును తిరగేస్తే అడుగున కంపెనీ ముద్ర ఉంటుంది. అంటే వరండా కప్పు 1865 తర్వాత వేసిందే. రెండోది, దక్షిణం వైపు గుమ్మం మీద అడ్డంగా వేసిన రైలు పట్టా ముక్క. బెజవాడ, కటకాల మధ్య తూర్పు తీరం రైలుమార్గం 1893 నుంచి 1896 లోపు పడింది, కాబట్టి ఆ గుమ్మం మరమ్మతు అప్పటికంటే ముందుది కాకపోవచ్చు. హాలు గోడలు వీటికన్నా పాతవి: మందం రెండడుగులు, ఇటుకలు పలచన. పెంకును చూసి, ఫొటో తీసి, ఉన్నచోటే బోర్లా పెట్టేయండి.

హాలే అసలు చూడాల్సిన చోటు. ఉత్తరం వైపు మూడోవంతు కప్పు కూలింది. కూలిన అంచు కోసిన కేకు ముక్కలా పొరలు పొరలుగా కనిపిస్తుంది. మద్రాసు టెర్రస్, అంటే దూలాల మీద ఇటుక, సున్నంతో వేసే మిద్దె కప్పు, ఎలా వేసేవారో ఇంత స్పష్టంగా పుస్తకాల్లో కూడా దొరకదు. అడుగున టేకు దూలాలు, వాటికి అడ్డంగా అడుగున్నర ఎడంతో దంతెలు. దంతెల మీద ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న చిన్న ఇటుకల్ని పక్కకు నిలబెట్టి, డంగు సున్నంతో, గదికి ఐమూలగా పేర్చారు. ఐమూలగా ఎందుకంటే, వరస అంతా ఒకే దంతె మీద పడకుండా బరువు పంచుకుంటుంది, పని జరిగేటప్పుడు కింద చెక్కల మంచె అక్కర్లేకుండా ముందరి వరస తర్వాతి వరసను పట్టుకుంటుంది. దాని మీద మూడు నాలుగు అంగుళాల ఇటుక కంకర, సున్నం కలిపిన పొర. ఈ పొరను కర్ర దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు, దిమ్మిస దెబ్బకు ముద్ర పడనంత గట్టిపడేదాకా. ఆపైన పలుచటి పలకలు, చివర సున్నపు పూత. అంచు మీద ఎండ పడే వేళలో, ఉదయం ఎనిమిది ప్రాంతంలో చూస్తే ఐమూల వరస నీడలతో సహా తెలుస్తుంది.

ఆ కప్పు ఎందుకు కూలిందో కూడా అక్కడే రాసి ఉంది. నీళ్లు పోయే తూములకు వేపాకు అడ్డంపడింది. నిలిచిన నీరు సున్నపు పొరలోకి దిగి, గోడలోకి చొచ్చిన దంతె కొనల్ని నానబెట్టింది. టేకు నడిమి భాగానికి గాలి ఆడుతుంది కాబట్టి వందేళ్లయినా నిలుస్తుంది. గోడలో ఇరుక్కున్న ఆరంగుళాల కొన మాత్రం ఆరే దారిలేక కుళ్లుతుంది, దానికి చెదలు తోడవుతాయి. అందుకే ఇలాంటి కప్పులు మధ్యలో వంగి కూలవు, గోడ పక్కనుంచి ఒక్కసారిగా జారిపోతాయి. నడి గదిలో దంతెలు నున్నగా కనిపించాయని ధైర్యం చేయకండి. గోడ దగ్గర కొన ఎలా ఉందో టార్చి వేసి చూడండి: పొట్టులాంటి పొడి రాలుతున్నా, మట్టి చారలు పాకినా ఆ గది వద్దు. ఇంకో గుర్తు నేల మీద ఉంటుంది. పాత విరుగుళ్లు పాచిపట్టి నల్లగా ఉంటాయి. ఎర్రటి ఇటుకపొడి, తెల్లటి సున్నం కనిపిస్తే అది ఈ నెల రాలిందే. పడమటి గదిలో ఈ మూడు గుర్తులూ ఉన్నాయి.

ఎక్కడ నిలబడాలి? గుమ్మం కమాను కింద, గోడ మందంలో. లోపల ఉన్నంతసేపూ ఒక కమాను నుంచి ఇంకో కమానుకు నడవండి, మధ్యలో ఆగి కబుర్లు పెట్టకండి. ఒక గదిలో ఒకేసారి ఇద్దరికి మించి వద్దు. వాన పడిన వారం రోజులు అసలు లోపలికి వెళ్లకూడదు. నానిన సున్నపు కప్పు బాగా బరువెక్కుతుంది, ఎండ వచ్చాక ఆరేటప్పుడు బీటలు విడుస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే మంచి కాలం. అక్టోబరు, నవంబరు నెలలు వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే తీరం దాటిందన్నది గుర్తుంచుకోండి.

హాలు తూర్పు గోడకు పైన, మనిషి ఎత్తుకు రెండింతల దగ్గర, టేకు చట్రం బిగించిన చిన్న కన్నం ఉంది. ఎక్కువమంది దాన్ని వెలుతురు కన్నం అనుకుని వెళ్లిపోతారు. అది పంకా తాడు కన్నం. హాల్లో దూలానికి వేలాడే గుడ్డ పంకాను వరండాలో కూర్చున్న మనిషి ఈ తాడుతో లాగేవాడు. జూమ్ చేసి చట్రం కింది అంచు చూడండి: తాడు రాపిడికి కర్రలో వేలు పట్టేంత గాడి పడింది, లోపలంతా నునుపు. మే నెల ఎండల్లో ఏళ్ల తరబడి ఒక మనిషి చెయ్యి లాగిన గుర్తు అది. ఆ మనిషి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. ఈ కట్టడంలో ఇంతకంటే విలువైనది ఇంకొకటి లేదని మా అభిప్రాయం. నిచ్చెన వేసి తాకడానికి ప్రయత్నించకండి, చట్రం వదులుగా ఉంది.

ఖజానా గది చిన్నది, కిటికీ లేదు, గోడలు హాలు గోడలకంటే అరడుగు ఎక్కువ మందం, కప్పు ఇటుక కమాను. కప్పులో కర్ర లేదు కాబట్టి చెదలు లేవు, అందుకే కచేరీ మొత్తంలో చెక్కుచెదరని గది ఇదే. నేలలో పాతిన ఇనుప కొండీ చూడండి, డబ్బు పెట్టెను గొలుసుతో దానికి కట్టేవారు. తలుపు చట్రంలో రెండు తాళాల కన్నాలు ఉన్నాయి. ఇద్దరు ఉద్యోగుల దగ్గర చెరొక తాళంచెవి, ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకునేది. లోపల గబ్బిలాలు ఉన్నాయి. వాటి పెంటలో పెరిగే బూజు ఊపిరితిత్తులకు ప్రమాదం, కాబట్టి గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు వేసుకోండి, నేల ఊడవకండి. వెనక ఖైదు కొట్లలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు.

ఇక మరమ్మతుల సంగతి. వరండా ముందు స్తంభాలకు సిమెంటు పూత పూసి, పైన ప్లాస్టిక్ రంగు వేశారు. ఇప్పుడా స్తంభాల్లో ఇటుక పిండిగా రాలుతోంది. వెనక వరండాలో ఎవరూ ముట్టుకోని స్తంభాలు మాత్రం పెచ్చులూడినా గట్టిగా ఉన్నాయి. కారణం సులువే. పునాది నుంచి తేమ గోడలోకి పైకి పాకుతుంది. సున్నపు పూతలోంచి అది ఆవిరై పోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. తేమ లోపలే ఉండి, దానిలోని ఉప్పు ఇటుక ముఖం వెనక పేరుకుని, ముఖాన్ని పగలగొట్టి బయటికి తోస్తుంది. సముద్రం దగ్గరి నేల, ఉప్పుకు కొదవలేదు. రాలిపడిన ముక్కను మేకుతో గీకితే తేడా తెలుస్తుంది: సున్నమైతే తెల్లగా పొడి రాలుతుంది, సిమెంటైతే బూడిద రంగు గీత పడి మేకు జారుతుంది. ఈ పరీక్ష కింద పడిన ముక్క మీదే చేయండి, గోడ మీద కాదు.

రావి మొక్కల విషయంలోనూ ఇదే తప్పు జరిగింది. కాకి రెట్టలతో వచ్చిన విత్తనం సున్నపు సందులో మొలిచి వేరు గోడంతా పాకింది. ఎవరో దాన్ని తాడుతో లాగారు, వేరుతోపాటు రెండు కమానుల తల ఊడివచ్చింది. కూలిన ఆ రెండు కమానుల కథ అదే. రావి మొక్కను లాగకూడదు. మొదలు దగ్గర కోసి, చిగురు వచ్చినప్పుడల్లా మళ్లీ కోస్తూ చంపాలి, వేరు ఎండాక ఆ సందును సున్నంతోనే నింపాలి. వేళ్లు పట్టుకుని వేలాడుతూ ఫొటోలు దిగేవాళ్లు గోడను వాళ్ల తల మీదకు లాక్కుంటున్నారన్నమాట.

వెంట తీసుకెళ్లాల్సినవి: చీలమండ దాటే బూట్లు, కర్ర, తలకు కట్టుకునే టార్చి, మాస్కు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. మరుగుదొడ్డి లేదు. టీ, ఇడ్లీ కావాలంటే జంక్షన్ దాకా వెళ్లాలి. మూడో కమాను కింద పెద్ద తేనెపట్టు ఉంది. అత్తరు, స్ప్రేలు పూసుకోకండి, ఫ్లాష్ కొట్టకండి, డ్రోను ఎగరేయకండి. ఇటుక కుప్పల్లో చెయ్యి పెట్టకండి, కట్లపాము, రక్తపింజర రెండూ ఈ నేలలో ఉన్నవే. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం వద్దు, కదలకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఉదయం ఏడుకు వెళ్లి పదిన్నరకల్లా బయటపడితే సరిపోతుంది.

ఈ కచేరీకి ఇప్పుడు కావలసింది పెద్ద నిధులు కాదు. హాలు మీద మిగిలిన కప్పు నిలవాలంటే జూన్ మొదటి వారంలోపు తూర్పు వైపు ఆరు తూముల్లో ఆకు తీసేయాలి. కప్పు మీద కాలు పెట్టనక్కర్లేదు. బయటి నుంచి గోడకు నిచ్చెన వేసి, పొడుగు కర్రకు కొక్కెం కట్టి లాగితే వచ్చేస్తుంది. ఇద్దరు మనుషులకు ఒక పూట పని. మీ దరఖాస్తులో తూముల్లో ఆకు తీసే సంగతి కూడా ఒక్క వాక్యం రాయండి.