ఒకే స్టోరేజీ మీద మూడు సర్వర్లు: ఓసీఎఫ్‌ఎస్2తో ఆరేళ్లు

తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్ వాళ్లకు బుకింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే చిన్న ఆఫీసు మాది. సర్వర్ గది నా బాధ్యత. 2019 చివర్లో మూడు సర్వర్లు, ఒక ఐస్కజీ స్టోరేజీ (నెట్‌వర్క్ మీదుగా సర్వర్లకు డిస్కులిచ్చే పెట్టె) కొని, ప్రాక్స్‌మాక్స్ వేశాం. ఒక్కో సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్ అది. వీఎంల డిస్కులన్నీ ఓసీఎఫ్‌ఎస్2 అనే క్లస్టర్ ఫైల్ సిస్టమ్ (ఒకే డిస్కును చాలా సర్వర్లు ఒకేసారి వాడుకోనిచ్చేది) మీద పెట్టాం. ఇప్పటికీ అదే నడుస్తోంది. 2023 నవంబరులో, ఇదే పనికి చాలామంది వాడే వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొని, శాశ్వత లైసెన్సులు ఆపేశాక, "మీ దగ్గరున్నది ఎలా ఉంది సార్" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

క్లస్టర్ ఫైల్ సిస్టమ్ ఎందుకో ముందు చెప్పాలి. ఈఎక్స్‌టీ4 లాంటి మామూలు ఫైల్ సిస్టమ్‌ను ఒకే లన్ (స్టోరేజీ పెట్టె సర్వర్లకు ఒక డిస్కులా చూపించే భాగం) మీద రెండు సర్వర్లలో మౌంట్ చేస్తే డేటా పాడైపోతుంది. లాడ్జీలో రెండు కౌంటర్లు పెట్టి, ఇద్దరు గుమాస్తాలు ఎవరి జ్ఞాపకం మీద వాళ్లు గదులిస్తే 204ను రెండు కుటుంబాలకు ఇచ్చేస్తారు కదా, అదే కథ. క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లో ఏ సర్వరైనా మార్పు చేసే ముందు మిగతావి ముట్టుకోకుండా లాక్ తీసుకుంటుంది. వీఎంవేర్ వాళ్ల వీఎంఎఫ్‌ఎస్ అయినా, లినక్స్‌లోని జీఎఫ్‌ఎస్2 అయినా, ఇదైనా మూలసూత్రం ఇంతే.

లాభం నాకు బాగా తెలిసొచ్చింది 2022 బ్రహ్మోత్సవాల్లో. గరుడ సేవకు ముందురోజు ఒక సర్వర్‌లో మెమరీ ఎర్రర్లు మొదలయ్యాయి. ఊళ్లో ఒక్క గది ఖాళీ లేదు, కౌంటర్లన్నీ కిటకిట. అందులోని వీఎంలను నడుస్తుండగానే మిగతా సర్వర్లకు మార్చాను. డిస్కు అందరికీ ఒకటే కాబట్టి కదలాల్సింది ర్యామ్‌లో ఉన్నది మాత్రమే. ఒక్కో వీఎంకు అర నిమిషం కూడా పట్టలేదు. ఏ లాడ్జీ నుంచీ ఫోన్ రాలేదు.

ఇక నష్టం. 2021 నవంబరు వరదలు తిరుపతి వాళ్లెవరూ మర్చిపోరు. (అప్పటికి మనది ఇంకా చిత్తూరు జిల్లానే.) ఆ రాత్రి కరెంటు పోయింది. సర్వర్లకూ స్టోరేజీకీ యూపీఎస్ ఉంది. వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ను మాత్రం మామూలు ప్లగ్‌లో పెట్టి ఉంచాను, తప్పు నాదే. జనరేటర్ పది సెకన్లలో అందుకుంది కానీ స్విచ్ బూట్ కావడానికి మూడు నిమిషాలు తీసుకుంది. ఓసీఎఫ్‌ఎస్2లో ప్రతి సర్వర్ రెండు సెకన్లకోసారి స్టోరేజీ మీద "నేనున్నా" అని రాయాలి. డిఫాల్ట్ సెట్టింగులో 60 సెకన్ల పాటు రాయలేకపోతే తనను తానే రీబూట్ చేసుకుంటుంది. పెన్ను దొరకని గుమాస్తా గదులివ్వకుండా లేచి వెళ్లిపోవడమన్నమాట. డేటా బతకాలంటే అదే సరైన పని. కానీ మూడూ ఒకేసారి లేచి వెళ్లాయి.

అసలు టెన్షన్ ఆ తర్వాత. సర్వర్లు పైకి వచ్చేసరికి ఒకదాంట్లో లన్ మౌంట్ కాలేదు. ప్రాక్స్‌మాక్స్ ఆ ఖాళీ ఫోల్డర్‌నే స్టోరేజీ అనుకుని, నేను వేయమన్న ఐఎస్ఓ ఫైల్‌ను (ఇన్‌స్టలేషన్ డిస్కు కాపీ) లోకల్ డిస్కు మీద రాసేసింది. స్టోరేజీ సెట్టింగుల్లో "ఇది మౌంట్ పాయింట్, మౌంట్ కాకపోతే ముట్టుకోకు" అని చెప్పే ఆప్షన్ ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇది వాడేవాళ్లు మొదటిరోజే అది పెట్టుకోండి. మేం ఆ నెలలోనే రెండో స్విచ్ కొన్నాం, రెండూ వేర్వేరు యూపీఎస్‌ల మీద ఉన్నాయి. ఆ తర్వాత మూడూ కలిసి పడిపోవడం జరగలేదు.

వేగం గురించి ఒక మాట. వీఎం డిస్కుల్లాంటి కొద్ది పెద్ద ఫైళ్లకు ఏ ఇబ్బందీ లేదు. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే మాత్రం ప్రతిదానికీ లాక్ సర్వర్ల మధ్య తిరగాలి, ఫోల్డర్ తెరవడానికే విసుగొస్తుంది. క్యూకౌ2 డిస్కులు (వాడేకొద్దీ సైజు పెరిగే వీఎం డిస్కు ఫైళ్లు) పెరుగుతున్నప్పుడు కూడా నెమ్మదిస్తుంది, అందుకే డేటాబేస్ వీఎంలకు మొత్తం స్థలం ముందే కేటాయించాను. పాత స్నాప్‌షాట్‌ను (వీఎం ఒక క్షణంలో ఎలా ఉందో దాచుకున్నది) తొలగించేటప్పుడు వీఎం కాసేపు బిగుసుకుపోతుంది, రాత్రి పూట చేయడమే మేలు. ఫైల్ సిస్టమ్ తనిఖీ చేయాలంటే మూడు సర్వర్లలోనూ అన్‌మౌంట్ చేయాలి, అంటే వీఎంలన్నీ ఆపాలి. ఆరేళ్లలో రెండుసార్లు చేశాను, రెండూ తెల్లవారుజామునే.

ఇంకో చిక్కు, ప్రాక్స్‌మాక్స్ వాళ్లు దీన్ని అధికారికంగా సపోర్ట్ చేయరు. ఎనిమిదో వెర్షన్‌కు మారినప్పుడు కొన్ని వీఎంలు డిస్కు ఎర్రర్‌తో ఆగిపోయాయి. వీఎం డిస్కు మీద చదవడం, రాయడం ఎలా జరగాలో చెప్పే ఆసింక్ ఐఓ సెట్టింగును ఐఓ యూరింగ్ నుంచి థ్రెడ్స్‌కు మార్చాక సర్దుకుంది. ఒక రోజంతా పోయింది, అడగడానికి ఎవరూ లేరు. జీఎఫ్‌ఎస్2కు మారదామా అనుకున్నా కానీ రెడ్ హ్యాట్ తన లినక్స్ పదో వెర్షన్ నుంచి దాన్ని పక్కన పెట్టేసింది. సర్వర్లలోని డిస్కులనే కలిపి స్టోరేజీగా వాడే సెఫ్ మంచిదే, కానీ మామూలుగా మూడు కాపీలు ఉంచుతుంది కాబట్టి కొన్న స్థలంలో మూడో వంతే మిగులుతుంది. పైగా కొన్న స్టోరేజీ పెట్టె ఊరికే ఉంటుంది.

కాబట్టి స్టోరేజీ ఇప్పటికే ఉండి, లినక్స్ లోతుగా చూడగలిగే మనిషి ఒకరైనా ఉన్న ఆఫీసుకు ఇది పనికొస్తుంది. ఆ మనిషి సెలవు పెడితే దిక్కులేని చోట వద్దు. బ్యాకప్ మాత్రం వేరే పెట్టెలో ఉండాల్సిందే, ఎందుకంటే ఇక్కడ డేటా ఒక్క కాపీయే.

మా స్టోరేజీ వారంటీ వచ్చే ఏడాదితో అయిపోతుంది. 2025 ఆగస్టులో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 9లో షేర్డ్ ఎల్‌వీఎం (ఫైల్ సిస్టమ్ లేకుండా లన్‌నే ముక్కలు చేసి వీఎంలకిచ్చే పద్ధతి) మీదే స్నాప్‌షాట్లు ఇచ్చారు, ప్రయోగ దశ అని చెప్పే ఇచ్చారు. మేం క్లస్టర్ ఫైల్ సిస్టమ్ పెట్టుకున్నదే ముఖ్యంగా స్నాప్‌షాట్ల కోసం. అందుకే ఒక చిన్న లన్ విడిగా తీసి, రెండు టెస్ట్ వీఎంలతో దాన్ని నడిపిస్తున్నా.